టెస్ట్ డ్రైవ్ మీ వీధిలో చెయ్యండి

బండి: ప్రశ్న – జవాబు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే తరహా బళ్ల గురించి. యాభై లక్షలు దాటిన, పరుగు మీద మోజున్న ఎస్‌యూవీలు. కొనేవాళ్లేమో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్లు, షోరూములేమో విశాఖలో. అందుకే ఆ ఉత్తరాలన్నీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: విశాఖలో ఇరవై నిమిషాలు నడపనిచ్చారు. వెడల్పాటి రోడ్డు, పికప్ అదిరిపోయింది. నాకు రోజూ ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుడు, వారానికి రెండుసార్లు విశాఖ. ఇంత డబ్బు పెట్టే ముందు ఏం చూసుకోవాలి?
– ఒక డాక్టరు, విజయనగరం

జవాబు: ఆ ఇరవై నిమిషాల్లో మీకు తెలిసింది ఇంజను సంగతి ఒక్కటే. ఈ ధరలో నాసిరకం ఇంజను ఎవరూ అమ్మడం లేదు. రోజూ మీరు భరించాల్సినవి వేరే ఉన్నాయి. పది కిలోమీటర్ల వేగంలో గేర్‌బాక్స్ ఎలా ఉంటుంది, ఒక పక్క చక్రాలు తారు దిగితే లోపల తలలు ఎంత ఊగుతాయి, మీ గేటులో బండి పడుతుందా. వీటి కోసం బండిని మీ ఇంటికి తెమ్మనండి. అరవై కిలోమీటర్లు వచ్చి చూపించడం ఈ ధర బళ్లకు మామూలే, మొహమాటపడక్కర్లేదు.

అడిగేటప్పుడే ఒక షరతు పెట్టండి: మీరు కొనబోయే వేరియంటే రావాలి, చక్రాల సైజు కూడా అదే ఉండాలి. డెమోకి సాధారణంగా అన్నీ ఉన్న పై వేరియంటు పెడతారు. అందులో మెత్తగానూ గట్టిగానూ మారే షాక్ అబ్జార్బర్లు ఉంటాయి. మీరు డబ్బు కట్టే వేరియంటులో అవి లేకపోతే మీరు నడిపి మెచ్చుకున్నది వేరే బండి అన్నమాట.

బండి రాగానే ముందు టైర్ల గాలి చూడండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద రాసి ఉంటుంది. కొత్త బళ్లను ఫ్యాక్టరీ నుంచి పంపేటప్పుడు గాలి ఎక్కువ కొడతారు, తరవాత తగ్గించడం మర్చిపోవడం అరుదేమీ కాదు. 34 ఉండాల్సిన చోట 42 ఉంటే మంచి సస్పెన్షన్ కూడా ఎడ్లబండిలా కొడుతుంది. తీరా తప్పంతా బండి మీద పడుతుంది. విశాఖ నుంచి వచ్చిన టైర్లు వేడెక్కి రెండు మూడు పాయింట్లు ఎక్కువే చూపిస్తాయి, ఆ తేడా లెక్కలో ఉంచుకోండి.

ఇక నడపడం. మొదటి అరగంట కంఫర్ట్ మోడ్‌లోనే ఉంచండి. స్పోర్ట్ బటన్ జోలికి పోవద్దు. సాయంత్రం ఆరు గంటలకి మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం వైపు వెళ్లండి. యాక్సిలరేటర్ తొక్కకుండా బ్రేకు మాత్రం వదిలి బండిని పాకనివ్వండి. ఇక్కడే రెండు రకాల గేర్‌బాక్స్‌ల తేడా బయటపడుతుంది. బీఎండబ్ల్యూ ఎక్స్3లో ఎనిమిది గేర్లది, బెంజ్ జీఎల్‌సీలో తొమ్మిది గేర్లది టార్క్ కన్వర్టర్ రకం. ఇంజనుకీ గేర్లకీ మధ్య నూనె ఉంటుంది కనుక పాకడం మెత్తగా ఉంటుంది. పెట్రోలు పోర్షా మకాన్, ఆడి క్యూ5 లలో ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే రకం. హైవే మీద కన్ను మూసి తెరిచేలోగా గేరు మారుస్తుంది గాని, ఆటోల మధ్య ఆగుతూ కదులుతూ పోయేటప్పుడు క్లచ్ పట్టీ పట్టనట్టు ఉండి వేడెక్కుతుంది, చిన్న కుదుపు తెలుస్తుంది. నడిపేవాళ్లు వారంలో అలవాటు పడతారు. వెనక కూర్చున్న అమ్మగారు అలవాటు పడరు. కాబట్టి ఈ పరీక్ష జరిగేటప్పుడు వెనక సీట్లో ఇంట్లోవాళ్లుండాలి. సేల్స్ అబ్బాయిని ముందు కూర్చోబెట్టండి.

ఏదో ఒక స్పీడ్ బ్రేకర్‌ని ఎంచుకోండి, పాఠశాల ముందు ఊరివాళ్లు సొంతంగా పోసినదైతే మరీ మంచిది. నలుగురు మనుషులతో దాని మీంచి మూడుసార్లు వెళ్లండి: పది, ఇరవై, పాతిక కిలోమీటర్ల వేగంలో. ఎక్కేటప్పటి కుదుపు కంటే దిగాక ఏమవుతుందో గమనించండి. ఒక్కసారి కూర్చుని ఆగిపోతే మంచి సస్పెన్షన్. ‘తొప్’మని శబ్దం వచ్చి మళ్లీ పైకి లేస్తే మీ నడుముకి పని పెట్టేదే.

తరవాతది ఏ పత్రికా సమీక్షలోనూ కనిపించదు గాని మనకి అతి ముఖ్యం: రోడ్డు అంచు దిగడం. పల్లెదారుల్లో ఎదురుగా బస్సు వస్తే ఎడమ చక్రాలు రెండూ మట్టిలోకి దించాల్సిందే. స్పోర్ట్స్ ఎస్‌యూవీలు ఎత్తుగా ఉండి కూడా మలుపుల్లో ఒరగకుండా ఉండటానికి ఎడమ కుడి చక్రాలను కలిపే యాంటీ రోల్ బార్‌ని దిట్టంగా పెడతారు. మలుపులో అది వరమే. ఒక పక్క చక్రం గోతిలో పడితే మాత్రం ఆ కుదుపును అదే బారు రెండో పక్కకి మోసుకెళ్తుంది, లోపల తలలు కుడికీ ఎడమకీ ఊగుతాయి. ఇరవై కిలోమీటర్ల వేగంలో ఓ ఫర్లాంగు దూరం సగం తారు మీద, సగం మట్టి మీద నడిపి చూడండి. వెనకవాళ్లు తలుపు పైనున్న పిడి పట్టుకున్నారంటే ఆ బండి గురించి ఇంకోసారి ఆలోచించండి.

చివరగా డెంకాడ మీదుగా నాతవలస దాకా వెళ్లి ఎన్‌హెచ్-16 ఎక్కండి. ఎనభైలో ఒకసారి, వందలో ఒకసారి పాటలు ఆపేసి టైర్ల హోరు వినండి. దారి ఖాళీగా ఉన్నప్పుడు యాభైలో వెళ్తూ ఒక్కసారిగా తొక్కండి. తొక్కిన క్షణానికీ బండి దూకిన క్షణానికీ మధ్య ‘ఒకటి’ అని అనుకోగలిగేంత సందు ఉంటుంది. గేరు కిందకి దిగడానికి కొంత, టర్బో ఊపిరి పోసుకోవడానికి కొంత. లారీని దాటేటప్పుడు మీకు అక్కరకొచ్చే లెక్క అదే. సున్నా నుంచి వంద ఆరున్నర సెకన్లని బ్రోషర్లో రాసిన అంకె చదువుకోవడానికి బాగుంటుంది. ఎనభై దాటితే ఓ హెచ్చరిక, నూట ఇరవై దాటితే ఆగకుండా మోత. 2019 జూలై నుంచి మన దేశంలో అమ్మకానికి తయారైన ప్రతి కారులోనూ అది ఉంటుంది, బండి లోపమనుకోకండి.

బండిని ఏడింటి దాకా ఉంచమనండి, లైట్లు చీకట్లోనే తెలుస్తాయి. హై బీమ్ తనంతట తాను దిగే సౌకర్యం ఉంటే, ఎదురుగా దీపం లేని సైకిలు వచ్చినప్పుడు అది దిగదని గుర్తుపెట్టుకోండి. లైనుకి అడ్డంగా జరిగితే స్టీరింగును వెనక్కి లాగే లేన్ అసిస్ట్ ఉంటే దాన్ని ఎక్కడ ఆపాలో అప్పుడే అడిగి తెలుసుకోండి. గేదె కోసం పక్కకి తిప్పినప్పుడు స్టీరింగు మీతో పెనుగులాడితే మొదటిసారి గుండె ఆగినంత పనవుతుంది. కొన్ని బళ్లలో అది ఆపినా, మళ్లీ ఇంజను వేసినప్పుడల్లా తిరిగి ఆన్ అవుతుంది.

స్పోర్ట్ మోడ్ గురించి ఏమీ రాయలేదని మీకనిపించవచ్చు. సాలూరు దాటి సుంకి ఘాట్‌లోకి వెళ్తే దానికి పని ఉంటుంది. స్టీరింగు బరువెక్కడం, మలుపులో బండి ఒరగకపోవడం అక్కడ చక్కగా తెలుస్తాయి. డెమో బండిని అంతదూరం ఇస్తామంటే తప్పకుండా వెళ్లండి.

ప్రశ్న: 19 అంగుళాల చక్రాలు మామూలుగా వస్తాయట, 21 అంగుళాలవి అదనపు డబ్బుకి. పెద్దవి వేస్తేనే బండికి అందం అంటున్నాడు మా అబ్బాయి. మన రోడ్లకి తట్టుకుంటాయా?
– ఒక బంగారు వర్తకుడు, నరసన్నపేట

జవాబు: అందం విషయంలో మీ అబ్బాయి మాట నిజమే. లెక్క మాత్రం మీరే వెయ్యండి, ఇంటర్ పిల్లలకొచ్చే లెక్కే. టైరు మీద 235/55 ఆర్19 అని ఉంటే, 235 మిల్లీమీటర్లు వెడల్పు. అందులో 55 శాతం టైరు పక్క గోడ ఎత్తు. అంటే 129 మిల్లీమీటర్లు. పెట్రోలు మకాన్‌కి 19 అంగుళాల్లో ముందు చక్రాలకి వచ్చే సైజిది. అదే బండికి 21 అంగుళాలంటే ముందు 265/40, వెనక 295/35. గోడ ఎత్తు ముందు 106, వెనక 103. రిమ్ముకీ గోతి అంచుకీ మధ్య ఉన్న రబ్బరు రెండు సెంటీమీటర్లకి పైనే తగ్గిపోయింది. వేసవిలో ఇది పెద్ద తేడా కాదు. ఆగస్టులో నీళ్లు నిండి గొయ్యి లోతు కనిపించనప్పుడు ఇదే తేడా.

అరవైలో వెళ్తూ పదునైన అంచున్న గోతిలో పడితే రెండు జరుగుతాయి. రిమ్ము లోపలి పక్క, అంటే బయటికి కనిపించని వైపు, వంగుతుంది; ఎనభై దాటాక స్టీరింగు వణకడం మొదలవుతుంది. లేదా గోడలో ఉన్న దారాలు రిమ్ముకీ గొయ్యికీ మధ్య నలిగి తెగి, మర్నాటికి టైరు పక్కన కోడిగుడ్డంత బుడిపె వస్తుంది. బుడిపె వచ్చిన టైరుకి మరమ్మతు లేదు. బంకు దగ్గర ప్యాచ్ వేస్తానన్నవాడి మాట వినకండి, టైరు మార్చాల్సిందే.

ఖర్చు ఇంకో మలుపు తిరుగుతుంది. ముందు వెనక సైజులు వేరైన చోట టైర్లను అటూ ఇటూ మార్చి అరుగుదల సమం చెయ్యడానికి వీలుండదు. నాలుగు చక్రాలకీ బలం వెళ్లే బళ్లలో అరిగిన టైరు పక్కన కొత్తది ఒక్కటే వేస్తే రెండింటి చుట్టుకొలతలో తేడా వచ్చి, ఇంజను బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ ఆగకుండా ఆ తేడాని సర్దుతూ వేడెక్కుతుంది. కాబట్టి ఒక టైరు పోతే రెండు కొనాలి, మిగతావి బాగా అరిగిపోయి ఉంటే నాలుగూ. ఒక్కోటి పదుల వేలల్లో ఉంటుంది. పైగా 21 అంగుళాల టైరు నరసన్నపేటలో గాని శ్రీకాకుళంలో గాని ఆ పూటకి దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి.

మా సలహా 19 దగ్గర ఆగమని. మిగిలిన డబ్బుతో మెత్తదనం మార్చుకునే షాక్ అబ్జార్బర్లు తీసుకోండి. అబ్బాయికి పరుగు అందులో దొరుకుతుంది. ఇన్సూరెన్సులో టైరు, రిమ్ము కవర్ వేరుగా అడిగి తీసుకోండి, మామూలు పాలసీలో టైరు ఒక్కటే పాడైతే డబ్బు రాదు.

ప్రశ్న: నా ఎత్తు అయిదడుగులు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మా ఇల్లు పాత వీధిలో, గేటు ఎనిమిది అడుగులు. మావారు చూపిస్తున్న బండి ఆయనకి నచ్చింది, నడిపేది ఎక్కువగా నేనే. ఎలా తేల్చుకోవాలి?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: నడిపేది మీరైతే తేల్చాల్సిందీ మీరే. ఒక టేపు పట్టుకుని మొదలుపెట్టండి.

ఈ తరగతి బళ్లు సుమారు 4.7 మీటర్ల పొడవు, 1.9 మీటర్ల వెడల్పు. అద్దాలు తెరిచి ఉంటే వెడల్పు 2.1 మీటర్లకి చేరుతుంది. మీ గేటు ఎనిమిది అడుగులంటే 2.44 మీటర్లు. నేరుగా వస్తే పక్కకి జానెడు కంటే తక్కువ, 17 సెంటీమీటర్లు మిగులుతుంది. అది చాలు. చిక్కు వీధిలోంచి తిరిగి గేటులోకి రావడంలో ఉంటుంది. బండి పూర్తిగా వెనక్కి తిరగాలంటే పన్నెండు మీటర్ల చుట్టుకొలతలో కాదు, పన్నెండు మీటర్ల అడ్డకొలతలో ఖాళీ కావాలి. మీ వీధి పన్నెండు అడుగులైతే రెండు మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించాలి. ప్రతి రోజూ రెండు పూటలా. అందుకని షోరూము బండితో ఈ పని మీరే, ఎవరూ దిగి ‘రా రా’ అని చెయ్యి ఊపకుండా, మూడుసార్లు చేసి చూడండి. కెమెరాలు సాయపడతాయి గాని వానలో వెనక కెమెరా మీద బురద పడితే అద్దాలే దిక్కు.

గేటు ముందు కాలువ మీద వేసిన ర్యాంపు నిటారుగా ఉంటే ముందు బంపరు కింది అంచు గీసుకుంటుంది. స్పోర్ట్స్ వేరియంట్లలో ఆ అంచు కిందకి దిగి ఉంటుంది. బండి ఎత్తు ఎంతని అడగడం కంటే ర్యాంపు ఎక్కించి, ఒక మనిషి పక్కన కూర్చుని చూడటం నయం. పోర్టికో లోతు కూడా కొలవండి. బండికే పదిహేనున్నర అడుగులు పోతుంది, డిక్కీ తలుపు లేవడానికి వెనక ఇంకో మూడడుగులు ఉండాలి. స్లాబు కిందికి ఉంటే ఆ తలుపు పూర్తిగా లేచి తగులుతుంది. చాలా బళ్లలో దానికి మందుంది: తలుపును కావలసిన ఎత్తులో ఆపి, మూసే బటన్ని శబ్దం వచ్చేదాకా నొక్కి పట్టుకుంటే ఇకమీదట అంతే లేస్తుంది.

మీ సీటు. బాగా పైకి లేపండి, బానెట్ అంచు కనిపించాలి. వీపు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైభాగానికి తగలాలి. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు ఇంకా కాస్త వంగి ఉండాలి. ఇవన్నీ కుదిరాక ముందు అద్దం పక్కనున్న స్తంభం చూడండి. ఈ బళ్లలో అది లావు. మలుపులో ఒక మోటారు సైకిలు మొత్తం దాని వెనక దాక్కోగలదు. ఎత్తు తక్కువున్నవాళ్లకి ఈ ఇబ్బంది ఎక్కువ. కూడలిలో తల ముందుకీ వెనక్కీ ఊపి చూడాల్సి వస్తోందంటే మరో బండి చూడండి.

అత్తగారిని చీరలోనే తీసుకెళ్లండి. మోకాళ్ల నొప్పులవాళ్లకి ఎక్కడం కంటే దిగడం కష్టం. సీటు ఆమె తుంటి ఎత్తులో ఉంటే జరిగి కూర్చోవచ్చు. తలుపు కింది గడప వెడల్పుగా ఉంటే దిగేటప్పుడు చీర కుచ్చిళ్లు దాన్ని తుడుస్తాయి, వానాకాలం ఆ బురదంతా చీరకే. కొన్ని బళ్లలో తలుపు గడప కింద దాకా కప్పేసి ఉంటుంది, గడప శుభ్రంగా ఉంటుంది. వెనక సీటు మధ్యలో నేల మీద ఉబ్బు ఉంటుంది, వెనక చక్రాలకి బలం తీసుకెళ్లే షాఫ్ట్ అక్కడే పోతుంది. అయిదో మనిషి ఎవరో ముందే అనుకోండి.

ఇంకొకటి. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి, గంటసేపు ఎండలో ఉంచిన బండి ఎక్కండి. పైన నిండా గాజు, కింద నల్ల తోలు. పది నిమిషాలకి వెనకవాళ్లు చెమట తుడుచుకోవడం మానాలి. సీట్లకి గాలి ఆడే సౌకర్యం ఉందో లేదో జాబితాలో సరిగా చదవండి. వేడెక్కే సీట్లకి అదనపు డబ్బు కట్టించుకుంటున్నారేమో చూసుకోండి. బొబ్బిలిలో వాటితో ఏం చేస్తారు?

ప్రశ్న: పెట్రోలా, డీజిలా? రోజూ ఫ్యాక్టరీకి పది పన్నెండు కిలోమీటర్లు, నెలకో రెండుసార్లు విశాఖ.
– ఒక జీడిపప్పు వ్యాపారి, పలాస

జవాబు: మీ రోజువారీ తిరుగుడుకి పెట్రోలు, విశాఖ ప్రయాణాలకి డీజిలు. రెండింట్లో మీకు పెట్రోలే చెబుతాం, కారణం ఇది.

ఇప్పటి డీజిలు బండి పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. నిండినప్పుడు బండి తనంతట తానే ఎక్కువ ఇంధనం పంపి, దాన్ని ఆరువందల డిగ్రీల దాకా వేడిచేసి మసిని కాల్చేస్తుంది. ఆ పని పూర్తవడానికి యాభై, అరవై వేగంలో ఆగకుండా పదిహేను ఇరవై నిమిషాలు నడవాలి. పన్నెండు కిలోమీటర్ల దారిలో పని సగంలో ఉండగా మీరు ఫ్యాక్టరీ దగ్గర ఇంజను ఆపేస్తారు. అలా నాలుగైదుసార్లు జరిగితే, కాలకుండా మిగిలిన డీజిలు సిలిండరు గోడల మీంచి జారి ఇంజను ఆయిల్లో కలుస్తుంది. ఆయిలు తగ్గాల్సింది పోయి మట్టం పెరుగుతుంది! ఆగి ఉన్నప్పుడు ఇంజను మామూలు కంటే గట్టిగా తిరగడం, ఇంజను ఆపినా ఫ్యాను తిరుగుతూనే ఉండటం, కాలిన వాసన ఇవి కనిపిస్తే ఆపకండి. అలాగే హైవే ఎక్కి టెక్కలి దాకా వెళ్లి రండి. వారానికోసారి ఆ అలవాటు ఉంటే డీజిలు కూడా ఏళ్ల తరబడి నడుస్తుంది. డీజిల్లో యాడ్‌బ్లూ అనే యూరియా ద్రవం కూడా పోస్తుండాలి. అది పూర్తిగా అయిపోతే, ఆపిన ఇంజను మళ్లీ స్టార్ట్ కాదు.

మైలేజీ లెక్క. ఏడాదికి పదిహేనువేల కిలోమీటర్లు అనుకోండి. పెట్రోలు లీటరుకి తొమ్మిది ఇస్తే 1,667 లీటర్లు, డీజిలు పదమూడు ఇస్తే 1,154. మీ బంకు ధరలతో గుణించి, రెండు బళ్ల ధరల్లో తేడాతో పోల్చుకోండి. పెట్రోలు బండికి ఏ ఆక్టేన్ (పెట్రోలు ముందే పేలకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) కావాలో ట్యాంకు మూత లోపల రాసి ఉంటుంది. ఎక్కువ ఆక్టేన్ మేలని ఉన్నచోట కాస్త తక్కువది పోస్తే బండి చెడిపోదు. ఇంజను తనని తాను కాపాడుకోవడానికి నిప్పురవ్వని ఆలస్యం చేస్తుంది, మీరు డబ్బు పోసి కొన్న పికప్‌లో కొంత పోతుంది.

మీరు అడగలేదు గాని, పలాసవాళ్లు తప్పక ఆలోచించాల్సింది ఒకటుంది. ఈ బళ్లు కొన్నింటిలో స్టెప్నీ ఉండదు, గాలి పోయినా నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు ఉంటాయి. సాధారణంగా వాటికి హద్దు ఎనభై వేగంలో ఎనభై కిలోమీటర్లు. మీ ఊరి నుంచి అది శ్రీకాకుళం దాకా సరిపోతుంది. విశాఖ ఇంకో వంద పైన. స్టెప్నీ ఉన్న బండి తీసుకోండి, లేదా విడిగా కొని డిక్కీలో పెట్టుకోండి. అలా పెట్టాక డిక్కీలో చోటెంత మిగిలిందో బ్యాగులు పెట్టి చూసుకోండి. బండి దారిలో ఆగిపోతే మాత్రం తాడు కట్టి లాగించకండి, రెండు చక్రాలెత్తి లాగే క్రేనూ వద్దు. నాలుగు చక్రాలకీ బలం వెళ్లే బండిని నిండా ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీయే రావాలి.

ప్రశ్న: రోడ్డు మీద ఉలవలు, మినుములు నూర్పిడికి పరుస్తారు. పెద్ద బండే కదా, మీంచి పోనిస్తే ఏమవుతుంది?
– ఒక పాఠకుడు, గజపతినగరం

జవాబు: పోనివ్వకండి. పొగగొట్టంలో పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్, డీజిలైతే డీపీఎఫ్, వందల డిగ్రీల వేడిలో ఉంటాయి. స్పోర్ట్స్ ఎస్‌యూవీల కింద ప్లాస్టిక్ పలకలు పరిచి ఉంటాయి. వాటి సందుల్లో ఎండు తీగలు ఇరుక్కుని, షాఫ్ట్‌కి చుట్టుకుని, వేడికి అంటుకుంటాయి. వెళ్లక తప్పకపోతే మెల్లగా దాటి, శుభ్రమైన రోడ్డు మీద ఆపి కింద చూడండి. గడ్డి వేలాడుతుంటే ఇంజను చల్లారాక లాగెయ్యండి. పొగ వాసన వస్తే మనుషుల్ని ముందు దించండి. కిలో పొడి రకం అగ్నిమాపకం సీటు కింద ఉండాలి. గడ్డి మీద బండి నిలపడం అసలే వద్దు.

ప్రశ్న: డెమో బండినే తగ్గించి ఇస్తామంటున్నారు. స్నేహితుడొకాయన హైదరాబాదులో మూడేళ్ల బండి చూపిస్తున్నాడు. ఏది మేలు?
– ఒక కాంట్రాక్టరు, శ్రీకాకుళం

జవాబు: డెమో బండి జీవితం అందరికీ తెలిసిందే. చల్లటి ఇంజనుతో, ఆయిలు వేడెక్కకముందే వచ్చిన ప్రతివాడూ స్పోర్ట్ మోడ్‌లో చివరిదాకా తొక్కి ఉంటాడు. మీటరులో తక్కువే కనిపిస్తుంది. వారంటీ ఏ తేదీ నుంచి లెక్క అని అడగండి, రిజిస్ట్రేషన్ తేదీ నుంచైతే అప్పటికే కొంత కరిగిపోయి ఉంటుంది. బ్రేకు డిస్కు అంచున వేలితో తడిమితే మెట్టు తగులుతోందా, టైర్లు ఎంత అరిగాయి అన్నవి మీటరు కంటే నిజం చెబుతాయి.

మూడేళ్ల బండికి ఒక పూట కేటాయించండి. రాత్రి నిలిపిన బండిని పొద్దున్నే, ఎవరూ స్టార్ట్ చెయ్యకముందు చూడాలి. గాలి సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచీలు) ఉన్న బండి ఒక మూల కిందికి కూర్చుని ఉంటే అక్కడ గాలి సంచీ కారుతోంది. ఆ కారుతున్న సంచీని నింపుతూ నింపుతూ కంప్రెసరు కూడా కాలిపోతుంది, ఖర్చు రెండింతలు. టైరు మీద నాలుగంకెల తేదీ చదవండి: 2223 అంటే 2023లో 22వ వారం. నాలుగూ ఒకే కంపెనీవై, అరుగుదల దగ్గర దగ్గరగా ఉండాలి. ఖాళీ స్థలంలో స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా తిరగండి. బండి గెంతినట్టో, పట్టి వదిలినట్టో అనిపిస్తే టైర్ల తేడా గాని ట్రాన్స్‌ఫర్ కేస్ జబ్బు గాని ఉంది. సీటు బెల్టులన్నీ చివరిదాకా లాగండి. మట్టి గీత కనిపిస్తే వరదలో మునిగిన బండి, బేరం అక్కడే ఆపెయ్యండి. పైకప్పు గాజు చుట్టూ నీళ్లు పోయే సన్నటి గొట్టాలుంటాయి, అవి పూడితే నీళ్లు లోపల కాళ్ల దగ్గరికి దిగుతాయి. తివాచీ ఎత్తి చేత్తో తడిమి చూడండి.

కాగితాలు. తెలంగాణ నుంచి తెచ్చేటప్పుడు ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), పేరు మార్పుకి 29, 30, అప్పు తీరిన బండైతే 35. వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలు దాటి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు తప్పదు, ఇక్కడి లైఫ్ టాక్సు కూడా కట్టాలి. పాత యజమాని తక్కువ ధర చెప్పినప్పుడు ఆ టాక్సు లెక్కలో ఉందో లేదో చూసుకోండి. శ్రీకాకుళం జిల్లాకి ఏపీ30 నంబరు ఇప్పుడు రాదు లెండి, అది పాత బళ్లకే మిగిలింది.

కొత్తదైతే 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద బళ్ల మీద జీఎస్టీ 40 శాతం, సెస్సు లేదు. అంతకు ముందు ఎస్‌యూవీలకి రెండూ కలిపి 50 శాతం ఉండేది. పది లక్షలు దాటిన బండికి ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కూడా కట్టించుకుంటారు. అది మీ ఆదాయపు పన్నులో సర్దుబాటయ్యే డబ్బే, రసీదు మీ పాన్ నంబరు మీదే ఉండేలా చూసుకోండి.

మీకైతే డెమో, మూడేళ్లది రెండింట్లో, పై పరీక్షలన్నీ నెగ్గితే మూడేళ్లదే మేలనిపిస్తోంది. ఒక్క యజమాని చేతిలో, సర్వీసు కాగితాలన్నీ ఉండి, మొదటి ధరలో పెద్ద కోత అప్పటికే పడిపోయి ఉంటుంది. ఒక్క పరీక్షలో తప్పినా, డెమో బండికి ఇచ్చే తగ్గింపుని కొత్త బండి మీద అడిగి చూడండి. నెలాఖరులో వెళ్లండి.